ఇంజను నీళ్ళు

ఆ సోమవారం పొద్దున్న ఆకాశం మూతి ముడుచుకుని కూర్చుంది. మబ్బు కమ్మింది గానీ చినుకు రాలడం లేదు. కొల్లేటి మీద గాలి స్తంభించిపోయింది. కురిసే ధైర్యమూ లేదు, తప్పుకునే మర్యాదా లేదు అనుకున్నాడు అబ్దుల్ జబ్బార్, జీపు వెనక సీట్లోంచి పైకి చూస్తూ. ఆ మాట ముందు సీట్లో కూర్చున్న ఎస్సై ఫణికిరణ్‌కి కూడా సరిగ్గా సరిపోతుందని తోచాక కాస్త ప్రాణం కుదుటపడింది.

జబ్బార్ ఒకప్పుడు హెడ్ కానిస్టేబులు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు తనకే పాఠాలు చెప్పడం మొదలెట్టాక ఉద్యోగానికి దణ్ణం పెట్టి, ఏలూరు పవర్‌పేటలో ఓ మేడమెట్ల కింద గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు తగిలించాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఎదటివాడు మాట్లాడుతున్నంతసేపూ వాడి చేతులు చూస్తాడు. నోటికి అబద్ధం అలవాటవుతుంది గానీ చేతులకి అంత తొందరగా అలవాటు కాదని అతని నమ్మకం.

నిన్న సాయంత్రం ఆ గదికి తాడేపల్లిగూడెం నుంచి మరియంబీ వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆమె పెద్దకొడుకు ఫయాజ్‌ని మట్టి చేశారు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది, పొడి కళ్ళతో కూర్చుని చెప్పింది. ఫయాజ్ ఇంజన్ల మెకానిక్కు. చేపల చెరువుల మీద నీళ్ళు తోడే డీజిలు ఇంజన్లు బాగుచేస్తాడు. శుక్రవారం కొల్లేటికోట దిగువన శేషగిరిరావు చెరువు మీద పనికని వెళ్ళాడు. శనివారం సాయంత్రం అక్కడి మేత షెడ్డులో శవమై కనిపించాడు. పోస్టుమార్టంలో విషం లేదన్నారు, దెబ్బ లేదన్నారు. ఒంట్లో నీరు ఇంకిపోయి చచ్చిపోయాడన్నారు. ఎస్సై మాత్రం తప్పంతా పెళ్ళాం సబీహాదే అంటున్నాడు. సోమవారం సాయంత్రానికి పట్టుకెళ్తానని కబురు కూడా పంపాడు.

"కొడుకు పోయాడు. కోడల్ని పోనివ్వకండన్నా," అంది మరియంబీ. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఫయాజ్ జబ్బు సంగతి జబ్బార్ ఆ రాత్రే ఏలూరులో ఓ పెద్ద డాక్టరు దగ్గర కూర్చుని తెలుసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఉండి రోడ్డు మీద మోటారు సైకిలు జారి ఫయాజ్ తల రాయికి తగిలింది. దెబ్బ మానింది గానీ దాహం పట్టుకుంది. రోజుకి బిందెడు నీళ్ళు తాగినా చాలేది కాదు. తాగినవి తాగినట్టే బయటికి పోయేవి. జబ్బు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. మొదటి మాట వినగానే ఊరంతా షుగరనుకుంది. షుగరుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదన్నాడు డాక్టరు. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంటుంది. నీళ్ళు పట్టి ఉంచమని మూత్రపిండాలకి చెప్పేది అదే. అది దెబ్బతింటే వాటికి చెప్పేవాడు లేడు, వచ్చిన నీళ్ళని వచ్చినట్టే గెంటేస్తాయి. ముక్కులో కొట్టుకునే మందొకటి ఉంది, అది కొంత ఆపుతుంది. చల్లగా ఉంచాలి కనక సబీహా ఐసుముక్కలేసిన ఫ్లాస్కులో పెట్టి పంపేది. మందూ లేక, నీళ్ళూ లేకపోతే ఎన్నాళ్ళు బతుకుతాడని జబ్బార్ అడిగాడు. రేకుల కింద ఎండలో అయితే ఒక్కరోజన్నాడు డాక్టరు.

ఇంత జబ్బుకి లోకం ఇచ్చిన విలువ ఒక్క పేరు. బోరింగు ఫయాజ్. టీకొట్టు దగ్గర అతను రెండో చెంబు ఎత్తగానే, బోరింగు కొట్టండ్రా అని నవ్వేవాళ్ళట. అతనూ నవ్వేవాడట. మనిషి కాలు విరిగితే అయ్యో అంటారు, దాహమేస్తే వేళాకోళం చేస్తారు. జబ్బార్‌కి ఈ లోకం మీద ఉన్న చిన్నచూపు ఊరికే రాలేదు.

చెరువుగట్టు మీద మకాం ముందు జీపు ఆగేసరికి శేషగిరిరావు ఎదురొచ్చాడు. తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు. ప్లాస్టిక్కు కుర్చీలు తనే తెచ్చి వేశాడు, కొబ్బరిబొండాలు కొట్టించాడు. రండి, కూర్చోండి, ఎండలో వచ్చారు అన్నాడు, ఎండ లేకపోయినా. చుట్టుపక్కల చెరువుల్లో నాలుగోవంతు అతనివే. ఎస్సై అతనిచ్చిన బొండాం రెండు చేతులా అందుకున్నాడు. జబ్బార్ తనది కుర్చీ కింద పెట్టాడు.

పై అధికారి ఒకాయన ఫోను చేసి చెప్పాడు కాబట్టి గానీ, ఫణికిరణ్‌కి ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. దారి పొడుగునా ఆ మాట దాచుకోలేదు కూడా. అతని లెక్క తేలికైనది. ఫ్లాస్కు శుక్రవారం పొద్దున్నే భర్త సంచిలో పెట్టానని సబీహా చెప్పింది. సంచిలో ఫ్లాస్కు లేదు. అంటే పెట్టలేదు. ఆయన రంజాన్ రోజా, అంటే ఉపవాసం, ఉండి నీళ్ళు తాగలేదు, ఈవిడ మందు పంపలేదు, మనిషి పోయాడు. ఇందులో డిటెక్టివుకి పనేముందని అతని బాధ.

జబ్బార్ శేషగిరిరావుని ముందునుంచీ చెప్పమన్నాడు. అతను చాలా మర్యాదగా చెప్పుకొచ్చాడు. ఫయాజ్ శుక్రవారం నమాజు చేసుకుని మూడింటికి వచ్చాడు. గట్టు మీద ఇంజను సాయంత్రానికి బాగుచేశాడు. చీకటి పడిందని షెడ్డులో పడుకుంటానన్నాడు. సెల్లులో చార్జింగు అయిపోయిందంటే తనే పాపం అని మకాంకి పట్టుకొచ్చి చార్జింగు పెట్టాడు. మర్నాడు తిండికి కూడా తనే పిలవడానికి వెళ్ళాడు.

"నేనే స్వయంగా వెళ్ళి భోజనానికి పిలిచానండీ. ఇవాళ రోజా అండీ, రేపు పండగ, సాయంత్రం నెలవంక చూసి ఇంటికి పోతా అన్నాడు. మంచినీళ్ళన్నా తాగవయ్యా అంటే ససేమిరా అన్నాడండీ. అంత నియమం."

తువ్వాలు కొస అతని వేళ్ళ మధ్య పురి తిరుగుతోంది.

"శనివారం మధ్యాహ్నమా?" అని అడిగాడు జబ్బార్.

"అవునండీ. భోజనాల వేళ."

"శనివారం మేం పండగ చేసుకున్నామండీ."

శేషగిరిరావు తల తిప్పి మకాం గోడ మీద క్యాలెండరు చూశాడు. అందులో రంజాన్ ఆదివారం నాడు ఎర్రగా అచ్చయి ఉంది. ఆ ఎర్ర అంకెని నమ్ముకునే ఈ కథ అల్లాడని జబ్బార్‌కి ఆ చూపుతోనే తెలిసిపోయింది. నెలవంక శుక్రవారం సాయంత్రమే కనిపించింది. తాడేపల్లిగూడెంలో రాత్రికి రాత్రి కొట్లు తెరిచారు, సేమియాలు కొన్నారు. పండగనాడు ఉపవాసం ఉండే ముసల్మాను ఎక్కడా ఉండడు, ఉండకూడదు. క్యాలెండరు అచ్చు వేసేవాళ్ళని అడిగి పొడిచే అలవాటు చంద్రుడికి లేదు.

ఎస్సై బొండాం పక్కన పెట్టి నవ్వాడు. "హెడ్డుగారూ, ఇక్కడ మసీదుందా మైకుందా? చేతిలో సెల్లు కూడా లేదు. నెలవంక సంగతి అతనికెవరు చెబుతారు? క్యాలెండరు చూసుకుని ఇంకోరోజు ఉండుంటాడు."

పొద్దున్నించీ ఈ కుర్రాడు ఆడిన తెలివైన మాట ఇదొక్కటే. జబ్బార్ దాన్ని కాదనలేదు. అయితే ఎస్సైకి తెలియని సంగతి ఒకటి అతని దగ్గరుంది. దెబ్బ తగిలిన నాటి నుంచీ ఫయాజ్ ఒక్క రోజా కూడా ఉండలేదు. డాక్టరూ వద్దన్నాడు, మసీదులో పెద్దాయనా నీకు అక్కర్లేదన్నాడు. కానీ నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి, బయట ఉపవాసమున్నట్టే తిరిగేవాడు. చాటుకెళ్ళి తాగొచ్చేవాడు. ఆ నటన చూసినవాడే ఈ అబద్ధం కట్టగలడు.

"అతనికి జబ్బేమిటో మీకు తెలుసాండీ?" అని అడిగాడు శేషగిరిరావుని.

"షుగరు కదండీ. అందరికీ తెలిసిందేగా."

"షెడ్డు చూద్దాం," అని లేచాడు జబ్బార్.

షెడ్డు రెండు చెరువుల మధ్య గట్టు మీద ఒంటరిగా ఉంది. ఇటుక గోడలు, పైన రేకులు. మేత దొంగల భయానికి ఇనప తలుపు పెట్టించారు. దానికి గొళ్ళెం బయటే ఉంది. ఒకే ఒక్క కిటికీ, దానికి ఇనప ఊచలు. కిటికీలోంచి చూస్తే కంటికి ఆనినంత మేరా నీళ్ళే. మబ్బు కింద సీసం పోసినట్టు కదలకుండా పడి ఉన్నాయి. జబ్బార్ అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఊచల్లోంచి చెయ్యి చాచి చూశాడు. మోచేతి దాకా పట్టింది. నీళ్ళు నాలుగు బారల అవతల ఉన్నాయి.

ఎస్సై గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల తవుడు కంపు అన్నాడు. శనివారం రాత్రి కూడా అక్కడే ఆగిపోయి ఉంటాడని జబ్బార్‌కి సందేహం లేదు.

లోపల తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక మూల మాత్రం రెండు బస్తాలు వరస తప్పి, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. జబ్బార్ వాటి వెనక్కి వంగి చూశాడు. నేల మీద రాలిన తవుడు అక్కడ పొడిగా లేదు. బాగా తడిసి, మళ్ళీ ఎండి, పెంకులా గట్టిపడి పగుళ్ళిచ్చింది. గోడ అడుగున జానెడెత్తు మరక. పైన రేకులు చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. వాన పడి పదిహేను రోజులు దాటింది.

గట్టు మీద ఉన్నవాడు ఒంటికి పోవాలంటే గట్టు దిగుతాడు. కొల్లేరంతా ఖాళీయే. తలుపు తీసి ఉన్న మనిషి తవుడు బస్తాల వెనక మూలకి పోడు. ఈ మనిషి పోయాడు, ఒకసారి కాదు, రాత్రంతా పోయాడు. చూసేవాళ్ళెవరూ లేకపోయినా రెండు బస్తాలు ఈడ్చి చాటు కట్టుకున్నాడు. అంత సిగ్గున్న మనిషి. జబ్బార్ బస్తాల వెనక నుంచి లేచాడు. రెండో మూలకి నడిచాడు.

అక్కడ పాత డీజిలు ఇంజనొకటి దుమ్ము కొట్టుకుని ఉంది. బెల్టు లేదు, చక్రం తుప్పు పట్టింది. ఇదెప్పుడు తిరిగిందని అడిగితే, రెండేళ్ళయిందండీ, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని పడేశాం అన్నాడు గడప అవతల నిలబడ్డ శేషగిరిరావు.

జబ్బార్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంజను వేడెక్కకుండా లోపల నీళ్ళు నిలిచే తొట్టి ఒకటుంటుంది. దాని అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉంటుంది. ఆ బిరడా ఊడదీసి ఉంది. పక్కనే ఓ గుడ్డముక్క పరిచి, దాని మీద బిరడా, బిరడా మీద వాషరు, పక్కన స్పానరు. పనిమంతుడి చేతి అలవాటు. కింద డొక్కు నూనెడబ్బా ఉంది, పైభాగం వంచి గిన్నెలా చేశారు. డబ్బా అడుగున తుప్పు మడ్డి. అంచున ఒకచోట తుప్పు చెరిగి, పెదవుల మేర శుభ్రంగా ఉంది.

ఫయాజ్‌కి ఆఖరి స్నానం చేయించిన మసీదు పెద్దాయన నిన్న రాత్రి ఫోనులో జబ్బార్‌తో ఒక మాట అన్నాడు. నోరు మూడుసార్లు తుడిచినా దూదికి ఎర్రటి మరక వస్తూనే ఉందని. నెత్తురేమో అనుకున్నాడట. నెత్తురు కాదు, ఇది.

జబ్బార్ డబ్బాని గుడ్డతో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఎస్సై మొహం ముందు పెట్టాడు.

"రోజా ఉన్నవాడు ఇంజను నీళ్ళు తాగడండీ," అన్నాడు.

ఫణికిరణ్ ఓ అడుగు వెనక్కి వేశాడు. మెకానిక్కు కాబట్టి ఇంజను విప్పాడని, దానికింత హంగామా ఎందుకని విసుక్కున్నాడు. బాగుచేయాల్సిన ఇంజను గట్టు మీద ఉంటే రెండేళ్ళ నాటి తుక్కు ఇంజనుకి నీళ్ళ బిరడా ఒక్కటే ఎందుకు విప్పాడో చెప్పమన్నాడు జబ్బార్. పోనీ ఆ మూలన తవుడెందుకు గడ్డకట్టిందో చెప్పమన్నాడు. ఎస్సై అటు చూడనేలేదు.

"మీరు చదివిన చదువులో వేలిముద్రలు ఉంటాయి గానీ ఉచ్చ ఉండదు. అందుకని చూడలేదు," అన్నాడు జబ్బార్. "మీకు వాసన పడలేదు. ఆ వాసనలోనే ఉంది కేసంతా."

"మాట జాగ్రత్త హెడ్డుగారూ. మీరిప్పుడు డిపార్టుమెంటులో లేరు."

"లేను కాబట్టే లోపలికి వెళ్ళాను."

కానిస్టేబులు మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు. ఫణికిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. సబీహాని సాయంత్రానికి ఎలాగైనా తెస్తానని, అప్పుడు ఈ డబ్బాలూ గుడ్డలూ కోర్టులో చూపించుకోమని గట్టిగానే అన్నాడు. జబ్బార్ అతనికి జవాబివ్వడం మానేసి శేషగిరిరావు వైపు తిరిగాడు. అతని తువ్వాలు కింద పడిపోయింది. తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

"తాళం ఎప్పుడు వేశారండీ?"

శేషగిరిరావు గట్టు మీద చతికిలబడి చెప్పడం మొదలెట్టాడు. ఇంతసేపూ ఉన్న మర్యాద మాత్రం మాటలోంచి పోలేదు. చంపినట్టు ఒప్పుకునేటప్పుడు కూడా అండీ అనగలిగే మనిషిని చూస్తుంటే జబ్బార్‌కి ఒళ్ళు కంపరమెత్తింది.

పక్క చెరువు తాతాజీది. మూడు వారాల కిందట అందులో చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. మందు కలిపించింది శేషగిరిరావే, గట్టు తగాదా మీద. శనివారం సాయంత్రం పెద్దమనుషులు కూర్చుంటారు. మందు కలిపినవాణ్ణి ఆ రాత్రి కళ్ళారా చూశానని చెప్పడానికి ఫయాజ్ సిద్ధమయ్యాడు. ఎంత చెప్పినా వినలేదు. అందుకని పని ఉందని పిలిపించి, చీకటి పడ్డాక షెడ్డుకి తాళం వేయించాడు. పెద్దమనుషులు లేచిపోయాక వదిలేద్దామని. అంతేనట.

"నీళ్ళ క్యాను కూడా నేనే లోపల పెట్టించానండీ. ఒట్టండీ."

"క్యాను లోపల లేదు."

"రాత్రి బయటికొచ్చిందండీ. ఆ కుర్రాడొచ్చి తాళంచెవి అడిగి తీసుకెళ్ళాడు. నచ్చజెప్పి చూస్తానన్నాడు. వచ్చేటప్పుడు క్యాను పట్టుకొచ్చాడు. అదేమిట్రా అంటే, నీళ్ళు ఎక్కువ తాగకూడదండీ, తగ్గించమని డాక్టరు చెప్పాడన్నాడు. షుగరు కదా, నిజమే అనుకున్నానండీ. క్యాను వ్యానులో వేసుకుని వెళ్ళిపోయాడు."

ఈ జబ్బు షుగరు కాదని తెలిసినవాడే ఆ మాట అనగలడు. నీళ్ళు తీసేస్తే ఏమవుతుందో తెలిసినవాడే తీసేస్తాడు. అది తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

"వచ్చిందెవరు?"

"వాళ్ళ ఫర్హానేనండీ. తమ్ముడు. మా మేత వ్యాను తోలేది అతనే. తాతాజీ చెరువులో మందు కలిపిందీ అతనే."

గూడెం మిల్లుల నుంచి తవుడు వేసుకుని వారానికి నాలుగుసార్లు ఈ గట్టుకి వచ్చే కుర్రాడు. నిన్న శవాన్ని మోసిన నలుగురిలో ముందు వరసలో నడిచాడని మరియంబీ చెప్పింది. క్యాను ఎలా బయటికొచ్చిందో జబ్బార్ కళ్ళకి కట్టింది. బలవంతం ఏమీ జరిగి ఉండదు. అన్నా ఇటివ్వు, నింపుకొస్తా అని ఉంటాడు. ఫయాజ్ తన చేతులతోనే అందించి ఉంటాడు. తర్వాత తాళం పడిన చప్పుడు విని, క్యాను కోసం తెల్లారేదాకా ఎదురుచూసి ఉంటాడు.

"శనివారం మధ్యాహ్నం మీరు పిలవడానికి వెళ్ళలేదు," అన్నాడు జబ్బార్.

"లేదండీ."

"తలుపు బాదిన చప్పుడు?"

శేషగిరిరావు తల వంచుకున్నాడు. ఇంజన్లు తిరుగుతున్నాయండీ, సరిగా వినపడలేదు అన్నాడు. సరిగా అన్న ఆ ఒక్క మాటకే ఉరి వెయ్యొచ్చనిపించింది జబ్బార్‌కి.

ఫణికిరణ్ గొంతు సవరించుకున్నాడు. తనకి మొదట్నుంచీ ఈయన మీదే అనుమానమని, బయటపడకుండా కూపీ లాగుతున్నానని కానిస్టేబులుతో అన్నాడు. జీపులో ఎక్కించమన్నాడు. మకాం ముందుకి వచ్చాక, బొండాం సగం తాగి వదిలేసిన సంగతి గుర్తొచ్చి, దాన్ని బూటుకాలితో కుర్చీ కిందికి నెట్టాడు. జబ్బార్ చూశాడు. వెళ్ళి జీపు ఎక్కాడు. ఉమ్ము కూడా వృథా చేయకూడని మనుషులు కొందరుంటారు.

శేషగిరిరావుని ఏలూరులో దింపి, వాళ్ళు తాడేపల్లిగూడెం చేరేసరికి పొద్దు వాలింది. సందు మొదట్లో జీపు ఆపించి, పావుగంట ఆగమన్నాడు జబ్బార్. ఎందుకన్నాడు ఎస్సై. కుర్రాడు వాళ్ళమ్మ మాట కాదని పారిపోడు, మీ మాటకైతే పారిపోతాడన్నాడు. పేపర్లో ఫొటో పడే అరెస్టు చేతికందుతుంటే పావుగంటకి గొడవపడడం దేనికని ఎస్సై ఊరుకున్నాడు.

చావు ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. పక్కింటి సుమయ్య అన్నం, దాల్చా గిన్నెలు తెచ్చి వసారాలో పెట్టి వెళ్ళింది. సబీహా లోపలి గదిలో గడప పక్కన తెల్లచీరలో కూర్చుని ఉంది. ఫర్హాన్ ఇంకా రాలేదు, మసీదు నుంచి వస్తున్నాడన్నారు. జబ్బార్ మరియంబీని పెరట్లోకి పిలిచాడు.

ఫ్లాస్కు ఎవరు పట్టుకెళ్ళారని అడిగాడు. ఆమె సబీహా చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది, శుక్రవారం పొద్దున్న సంచిలో పెట్టిందని. జబ్బార్ కదలకుండా నిలబడ్డాడు. ఆమె చూపు గోడకి ఆనించి ఉన్న ఖాళీ బిందెల మీదికి పోయింది. అవి ఫయాజ్ కోసం కొన్నవి.

"ఉన్నది ఇంక వాడొక్కడే కదన్నా," అంది చివరికి.

అక్కడితో మిగతాదంతా వచ్చింది. ఫయాజ్ జుమ్మా నమాజు నుంచి అటే వెళ్ళిపోతూ ఫ్లాస్కు మర్చిపోయాడు. సాయంత్రం నెలవంక కనిపించాక, నేనిచ్చొస్తా అని ఫర్హాన్ వ్యాను తీశాడు. రాత్రి పొద్దుపోయి వచ్చి, ఇచ్చేశానమ్మా, అన్నయ్య పొద్దున్నే నమాజుకి వచ్చేస్తానన్నాడు అని చెప్పాడు. పండగ పూట రాలేదు. సాయంత్రానికి కబురొచ్చింది. ఆఖరున చూసింది ఫర్హానే అని తెలిస్తే పోలీసులు వాణ్ణి లాక్కుపోతారని భయమేసి, ఆ మాట ఎత్తవద్దని కోడల్ని తనే బతిమాలింది. నింద కోడలి మీద పడుతుందని అప్పుడు తోచలేదు. పడ్డాక కూడా సబీహా మాట మార్చలేదు. అందుకే ఏలూరు పరిగెత్తుకొచ్చింది. వాడు ఏ పాపమూ ఎరగడన్నా, భయపడి చెప్పలేదంతే అంది.

జబ్బార్ మాటని మెత్తబరచడం ఎరగడు. షెడ్డు సంగతి, తాళం సంగతి, క్యాను సంగతి చెప్పాడు. క్యాను ఎవరి చేతిలో బయటికొచ్చిందో చెప్పాడు. ఆమె వింటున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఫయాజ్ ఆఖరికి తుక్కు ఇంజనులో తుప్పునీళ్ళు పట్టుకుని తాగాడని చెప్పినప్పుడు ఆ కొంగు దించింది.

"దాహం తీరిందా?" అని అడిగింది.

"తీరలేదమ్మా."

ఆమె తలాడించింది. వీధిలో వాకిలి చప్పుడైంది. ఫర్హాన్ చెప్పులు విప్పుతున్నాడు.

"వాణ్ణి రెండు మెతుకులు తిననివ్వండి," అంది. "మీరూ కూర్చోండి. సబీహా పొద్దున్నించీ ఏమీ తినలేదు."

జబ్బార్ కాదనలేకపోయాడు.

వసారాలో గుడ్డ పరిచారు. జబ్బార్ గోడవైపు కూర్చున్నాడు. ఫర్హాన్ చేతులు కడుక్కుని వచ్చి, అతన్ని చూసి ఒక్క క్షణం తటపటాయించి, సలాం చెప్పి ఎదురుగా కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయి. అన్నలాగే వెడల్పాటి అరచేతులు. సబీహా గదిలో గడప దగ్గరే పళ్ళెం పెట్టుకుంది. మరియంబీ అందరికీ అన్నం పెట్టింది, దాల్చా వేసింది. ఫర్హాన్‌కి కూడా అందరితో సమానంగానే వేసింది. తర్వాత నీళ్ళ జగ్గు తీసుకుంది.

జబ్బార్ గ్లాసు నింపింది. సబీహా గ్లాసు నింపింది. తన గ్లాసు నింపుకుంది. ఫర్హాన్ గ్లాసు దగ్గర ఆగలేదు. జగ్గు తన మోకాలి పక్కన పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

ఫర్హాన్ ఖాళీ గ్లాసు చూశాడు. తల్లి చేతిని చూశాడు. జబ్బార్ వంక చూసి మళ్ళీ చూపు దించేసుకున్నాడు. గడప దగ్గర సబీహా చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. అత్తగారి మొహం, ఆ గ్లాసు, మరిది మొహం ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టింది.

సందు మొదట్లో జీపు తలుపు పడిన చప్పుడు వినిపించింది, దాని వెంట బూట్ల చప్పుడు. మరియంబీ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ఫర్హాన్ తింటూనే ఉన్నాడు. మెతుకు గొంతులో దిగక కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూనే ఉన్నాడు. నీళ్ళు మాత్రం అడగలేదు.